గద్దలగుట్ట దారి

ఇరవై ఆరుమందికి పులిహోర కలిపితే చేతులు మణికట్ల దాకా పచ్చబడతాయి. వినోద తెల్లవారకముందే లేచి, రెండు తాంబాళాల్లో అన్నం ఆరబోసి, చింతపండు పులుసు పోసి కలుపుతోంది. హాల్లో కూర్చుని కొత్త బూట్ల లేసులు కట్టుకుంటున్న భర్త శ్యాంసుందర్ అక్కడి నుంచే కేకేశాడు.

"పల్లీలు జర ఎక్కువెయ్యి వినోదా. పోయిన నెల తక్కువైనయని మహిపాల్ సార్ అన్నడు."

పోయిన నెలా ఆమే కలిపింది, అంతకుముందు నెలా ఆమే. హన్మకొండ చౌరస్తాలో ఎలక్ట్రికల్ షాపు నడిపే శ్యాంసుందర్ రెండేళ్ల కింద 'ఓరుగల్లు ఫ్యామిలీ ట్రెక్కర్స్' అని వాట్సాప్ గ్రూపు పెట్టాడు. నెలకో ఆదివారం ఏడు కుటుంబాలు మినీ బస్సు మాట్లాడుకుని ములుగు వైపో, భూపాలపల్లి వైపో ఏదో ఒక గుట్టకు పోతాయి. 'ఇంటిల్లిపాదీ హాయిగా ఎక్కే గుట్టలు' అని పోస్టరు వేస్తారు. దాని మీద శ్యాంసుందర్ పేరు పక్కన లీడర్ అనీ, వినోద పేరు పక్కన కిచెన్ ఇన్‌చార్జ్ అనీ ఉంటుంది. ఆ పదవి ఆయనే ఇచ్చాడు. ఇచ్చే ముందు అడగలేదు. పోస్టరు చూపించి, "నీ పేరు కూడ ఏసిన చూడు" అన్నాడు, పెద్ద ఉపకారం చేసినట్టు. ఇరవై నెలల్లో ఇరవై గుట్టలు. ఒక్క గుట్ట పైభాగం కూడా ఆమె చూడలేదు. సగం దాకా ఎక్కి, అన్నాలు సర్ది, తిన్న ప్లేట్లు ఏరి సంచిలో వేసుకుని దిగిపోవడమే.

చూడకపోతే పోయింది, ఆమెకు అడవి కొత్తా? వినోద పుట్టిందే తాడ్వాయి దాటాక రోడ్డు పక్కనున్న చిన్న ఊళ్లో. వాళ్ల నాన్న అక్కడ కిరాణం కొట్టు నడిపేవాడు. ఊళ్లో తన ఈడు పిల్ల సారలమ్మ ఒక్కతే స్నేహితురాలు. వాళ్ల కోయగూడెం ఆడవాళ్లు ఇప్పపువ్వు ఏరడానికి పోతే వీళ్లిద్దరూ వెంటపడేవాళ్లు. ఏ బండ పక్కన నీళ్లు ఉంటాయో, ఏ దారి మనుషులదో, ఏది పశువులదో సారలమ్మ తల్లి నడుస్తూ నడుస్తూనే చెప్పేది. అదంతా కాళ్లలోకి ఎక్కిపోయింది. పద్నాలుగేళ్ల కింద పెళ్లై హన్మకొండ వచ్చాక ఆ కాళ్లకు పని లేకుండా పోయింది. మొదటి వారమే, కూరగాయల బండివాడిని బాల్కనీ నుంచి గట్టిగా పిలిచిందని అత్త శారదమ్మ మందలించింది. "ఇది అడివి కాదే, హన్మకొండ. జర మెల్లగ." చారులో ఉప్పెక్కువైనా, చీర కుచ్చిళ్లు కుదరకపోయినా, మెట్లు గబగబా దిగినా ఒకటే మాట. "అడివిల పెరిగినదానికి ఏం తెలుస్తది?" శ్యాంసుందర్‌కు అది ఇంకా సరదా. స్నేహితులు వస్తే, ఆమె టీ కప్పులు పెడుతుండగా, "అడివిల నుంచి పట్టుకొచ్చిన భయ్, ఇంక మచ్చిక కాలే" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వులు తలచుకుంటే ఇప్పుడు తన మొహాన్ని తనే గీరుకోవాలనిపిస్తుంది. మెల్లగా మాట్లాడటం నేర్చుకుంది, మెల్లగా నడవటం నేర్చుకుంది. ఊరి మాట ఎత్తడం మానేసింది.

తర్వాత ఆయనకు షుగర్ వచ్చింది. డాక్టర్ నడవమన్నాడు. తెలిసినవాళ్లంతా గుట్టలెక్కి ఫొటోలు పెడుతున్నారు. అడవి ఉన్నట్టుండి మర్యాదైన వస్తువైపోయింది. అప్పటి నుంచి రోజూ భోజనాలయ్యాక ఆయన వచ్చి పక్కన కూర్చునేవాడు. ఆ చెట్టేంది, ఈ కాయేంది, దారి తెలియకపోతే ఎట్ల పోవాలె? వినోద పొంగిపోయి చెప్పింది. పన్నెండేళ్లలో మొదటిసారి ఆ మనిషి తన మాట మధ్యలో తుంచకుండా విన్నాడు మరి. నెల తర్వాత మినీ బస్సు మైకులో ఆయన గొంతు వినిపించింది. "నల్లమద్ది బెరడు మొసలి వీపు లెక్క ఉంటది. ఎండకాలం బెరడుకు గాటు పెడితే నీళ్లొస్తయి. మా పెద్దోళ్లు చెప్తుండె." ఆయన పెద్దోళ్లు మూడు తరాలుగా బల్బులు, వైర్లు అమ్మినవాళ్లు. వెనక సీట్లో పులిహోర డబ్బాను ఒళ్లో పెట్టుకుని వినోద ఆ మాటలు వింది. ఇంట్లోంచి దొంగ ఎత్తుకుపోయిన నగ నాలుగు రోజుల తర్వాత వాడి ఒంటి మీదే కనిపించినట్టు అనిపించింది.

ఈసారి ఎంచుకున్నది గద్దలగుట్ట. ఆమె పుట్టిన ఊరికి కూతవేటు దూరం. పన్నెండో ఏట సారలమ్మతో ఎక్కిన గుట్ట.

బస్సు గుట్ట కింది గూడెంలో ఆగేసరికి ఎండ ఎక్కింది. యాదగిరి అనే పెద్దాయన వచ్చి, తాను దారి చూపిస్తానన్నాడు. "రెండు దారులున్నయి సారూ పైన. తెల్వకపోతే అవుతల దిగుతరు."

"గైడ్ ఎందుకు? నేను లేనా?" అని శ్యాంసుందర్ టోపీ సర్దుకున్నాడు.

వినోద ఆగలేకపోయింది. "ఇగో, వింటుండ్రా? పైన రెండు బండల నడుమ దారి చీలుతది. వెడల్పుది పశువుల దారి. అండ్లకు పోవద్దు. సన్నదానెంబడి పోవాలె."

ఏడు కుటుంబాలూ అక్కడే నిలబడి ఉన్నాయి. శ్యాంసుందర్ ఆమె వైపు కాక వాళ్ల వైపు చూస్తూ అన్నాడు. "పులిహోర సంగతి నువ్వు చూడు. దారి సంగతి నేను చూస్త." అందరూ గొల్లున నవ్వారు. మహిపాల్ సార్ చప్పట్లు కూడా కొట్టాడు.

సగం గుట్ట దాకా నడక తేలికే. అయితే వినోద కుడిభుజానికి డబ్బాల సంచి ఉంది, ఎడమభుజం మీద శారదమ్మ చెయ్యి ఉంది. మోకాళ్ల నొప్పులైనా కొడుకు నడిపించే ట్రెక్కు ఒక్కటి కూడా వదలదు ఆవిడ. మగవాళ్లు ఎక్కడికక్కడ చెట్టు చాటుకు తిరిగి నిలబడి వస్తున్నారు. ఆడవాళ్లు పొద్దున బస్సెక్కే ముందే మంచినీళ్లు తాగడం మానేశారు. ఆ సంగతి ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. ప్రతి నెలా అంతే.

వెడల్పాటి బండ దగ్గరికి రాగానే శ్యాంసుందర్ చెయ్యెత్తాడు. "లేడీస్ ఇక్కడ ఆగుండ్రి. పైన ఉత్త ఎండ, ఏం లేదు. ప్లేట్లు పెట్టేసరికి పోయొస్తం."

మగవాళ్లంతా, పదిమంది పిల్లలూ కదిలారు. పన్నెండేళ్ల స్రవంతి నాలుగడుగులు వేసి వెనక్కి చూసింది. "అమ్మ కూడ వస్తది డాడీ."

"అమ్మ వస్తే నీకు అన్నమెవరు పెడ్తరు?"

అప్పటికి పదకొండైంది. పన్నెండున్నరకు ప్లేట్లు పెట్టారు. ఒంటిగంటకు వాటి మీద చున్నీలు కప్పారు. రెండైంది. ఫోన్లకు సిగ్నల్ లేదు. మూడింటికి మహిపాల్ సార్ భార్య పద్మలత ఏడవడం మొదలుపెట్టింది. ఆమె కొడుకు సాయితేజకు ఎనిమిదేళ్లు. నీళ్ల సీసా తల్లి దగ్గరే మరిచిపోయి పోయాడు. ఆడవాళ్లందరూ పైకి చూస్తున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. శారదమ్మ మాత్రం కోడలినే చూస్తోంది.

"నీ అడివి తిక్క వానికంటించినవ్. నా కొడుకు దుకాణం మీద బుద్ధిగ కూసునేటోడు. వానికేమన్న అయితే చెప్త నీ సంగతి."

వినోద పొద్దు వైపు చూసింది. అడవిలో చలికాలపు పొద్దు ఎంత తొందరగా పడిపోతుందో ఆమెకు తెలుసు. ఇద్దరు ఆడవాళ్లను కిందికి పంపి యాదగిరిని తీసుకురమ్మంది. నీళ్ల సీసాలన్నీ ఒక సంచిలో వేసుకుని లేచింది.

"ఎటు పోతానవ్? వచ్చినోడు అన్నమడిగితే?" అంది శారదమ్మ.

"మీరు పెట్టుండ్రి అత్తమ్మా."

ఆ మాట అన్నాక తనే ఒక్క క్షణం బిత్తరపోయింది. వెనకాల చెప్పుల చప్పుడైతే తిరిగి చూసింది. పద్మలత కళ్లు తుడుచుకుంటూ వస్తోంది. "నేను గూడ వస్త అక్కా. ఇక్కడ కూసుంటే పానం పోతది."

రెండు బండల సందు చేరడానికి అరగంట పట్టింది. ఎడమ చేతి వైపు సన్నదారి గడ్డిలోంచి పైకి పోతోంది. కుడి చేతి వైపు వెడల్పుదారి కిందికి దిగుతోంది. ఆ వెడల్పుదారి మొదట్లోనే బిస్కెట్ కాగితం మెరుస్తోంది. మెత్తటి మట్టిలో కొత్త బూటు అచ్చులు, చిన్న చిన్న పాదాలు.

వినోద ఆ అచ్చుల దగ్గర నిలబడిపోయింది. దారి తప్పడం ఎవరికైనా జరుగుతుంది. కానీ ఇది తప్పడం కాదు. ఇక్కడికి వచ్చాక ఆయనకు ఆమె మాట గుర్తొచ్చే ఉంటుంది. వెడల్పుది వద్దు, సన్నది పట్టుకోండి అన్న మాట. గుర్తొచ్చింది కాబట్టే ఇటు తిరిగాడు. సన్నదారి పట్టుకుంటే ఆమె చెప్పినట్టు నడిచినట్టవుతుంది కదా! పదిమంది పిల్లలను తీసుకుని, పెళ్లాం మాట విననందుకే ఈ లోయలోకి దిగాడు. ఆమెకు భయం పోయింది. దాని జాగాలో గట్టిదేదో, బండలాంటిది, వచ్చి కూర్చుంది. పద్నాలుగేళ్లు ఆయన తిట్లన్నిటికీ ఏదో ఒక సాకు చెప్పుకుంది. అలసట, షాపు గొడవ, తల్లి మాట. ఈ మట్టిలోని బూటు అచ్చుకు మాత్రం సాకు దొరకలేదు.

అరచేతులు నోటి చుట్టూ పెట్టుకుని, కడుపులోంచి ఊపిరి తీసి అరిచింది. "ఓ...య్!" సారలమ్మ నేర్పిన కేక అది. పద్నాలుగేళ్లుగా వంటింటి గోడ దాటని గొంతు లోయ అవతలి గుట్టకు తగిలి తిరిగొచ్చింది. పద్మలత అదిరిపడి ఆమె వైపు చూసింది. మూడో కేకకు కింద వెదురు పొదల్లోంచి సన్నగా "అమ్మా" అని వినిపించింది.

ఎండిన వాగులో ఉన్నారు అందరూ. పిల్లలు రాళ్ల మీద వాలిపోయి ఉన్నారు. సాయితేజ చీలమండ వాచిపోయింది. మగవాళ్లు ఏడుగురూ ఫోన్లు పైకెత్తి పట్టుకుని, ఎటు పోవాలో తేలక ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. ఆమెను చూడగానే శ్యాంసుందర్ మొహం ఎర్రబడింది.

"నువ్వెందుకొచ్చినవ్? నేను వస్తా అన్న గద!"

వినోద సంచి పద్మలతకు ఇచ్చి, పిల్లలకు నీళ్లు తాపించమంది. స్రవంతి వచ్చి ఆమె నడుము పట్టుకుంది. "డాడీ రెండు దార్ల కాడ ఆగిండమ్మా. సన్నదానెంబడి పోదామంటే, మీ అమ్మ చెప్పిన దారైతే అస్సలే వద్దన్నడు."

ఊహించింది నిజమని తేలితే ఊరట కలగదని ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఈ వాగెంబడి పోతే రోడ్డు తాకుతది" అంటున్నాడు శ్యాంసుందర్, ఎవరూ అడగకుండానే. "మ్యాపుల చూసిన."

"ఈ వాగు గోదారి దిక్కు పోతది. నడుమ ఒక్క ఊరు లేదు. పొద్దుగూకితే ఎలుగులు దిగుతయి."

"నన్ను భయపెడ్తానవా? లీడర్ ఎవరిక్కడ?"

వినోద సాయితేజ ముందు కూర్చుని వాణ్ని వీపు మీదికి ఎక్కించుకుంది. "పిల్లలూ, లేవుండ్రి. ఒకరి ఎనుక ఒకరు. స్రవంతీ, నువ్వు నా ఎనుకనే." స్రవంతి కదిలింది. తొమ్మిదో తరగతి చదివే పిల్లవాడొకడు కదిలాడు. తర్వాత పిల్లలంతా, తర్వాత తల దించుకుని ఒక్కొక్క మగవాడూ. మహిపాల్ సార్ కొడుకును తను ఎత్తుకుంటానని కూడా అనలేదు. చేతులూపుకుంటూ నడిచాడు. అందరికంటే చివర శ్యాంసుందర్.

ఎక్కుడు నిట్టనిలువుగా ఉంది. వాణ్ని మోస్తుంటే నడుము విరిగిపోతోంది. అయినా ఆమె కాళ్లకు మాత్రం ఎక్కడ ఆనాలో తెలుసు. రెండు బండల సందు చేరి అందరూ ఊపిరి తీసుకుంటుంటే శ్యాంసుందర్ పక్కకొచ్చి, గొంతు తగ్గించి అన్నాడు. "కింద నువ్వేం మాట్లాడకు. నేను చూసుకుంట. లేకపోతే ఇజ్జత్ పోతది." ఆమె తలూపలేదు. కానీ నిజం చెప్పాలంటే, మాట్లాడొద్దనే అనుకుంది. ఆయన ఊరుకుంటే ఆమే ఊరుకునేది. అంత అలవాటైపోయింది మరి.

దిగుతుంటే యాదగిరి టార్చిలైటుతో ఎదురొచ్చాడు. బండ దగ్గర ఆగిన తల్లులు పిల్లలను కావలించుకున్నారు. వెలుతురుండగానే అందరూ గూడెం చేరారు. తల్లులు పిల్లలను కావలించుకున్నారు. బస్సు కదిలి తారు రోడ్డెక్కగానే, అలవాటు ప్రకారం శ్యాంసుందర్ మైకు తీసుకున్నాడు.

"ఫ్రెండ్స్, ఇయ్యాల చిన్న అడ్వెంచర్ అయింది. అందరం సేఫ్. అసలు నా తప్పేందంటే, పొద్దున మా మేడం చెప్పిన దారి నమ్మిన." కొందరు నవ్వారు. "చిన్నప్పటి గుర్తులు కదా, మర్చిపోయింది పాపం. తర్వాత తప్పు తెలుసుకొని ఎదురొచ్చింది. అందరం కలిసి దిగినం. ఏం ఫికర్ లేదు."

ముందు సీట్లోంచి ఒకామె వెనక్కి తిరిగింది. "తెల్వకపోతే చెప్పకుండ ఉండాలె వినోదా. పదిమంది పిల్లలు!"

"నేను అప్పుడే అన్న" అంది శారదమ్మ.

వినోద వీపు మీద సాయితేజ చెమట ఇంకా ఆరలేదు. తను చెప్పిన చెట్లు ఆయన తీసుకున్నాడు, ఊరుకుంది. తను చెప్పిన గుట్టలు తీసుకున్నాడు, ఊరుకుంది. ఈ పొద్దున అందరి ముందూ తను చెప్పిన మాటను ఎత్తుకుని, తలకిందులు చేసి, తన నెత్తి మీదే వేస్తున్నాడు. ఇక్కడ ఊరుకుంటే రేపటి నుంచి ఈ పిల్లలందరూ పెద్దయ్యేదాకా ఆమెను దారి తప్పించిన ఆడదానిగా చెప్పుకుంటారు. పక్కన స్రవంతి ఆమెనే చూస్తోంది, ఏం చేస్తుందోనని. ఆ పిల్ల కళ్లు తట్టుకోవడం అన్నిటికంటే కష్టమైంది.

పైనున్న కడ్డీ పట్టుకుని లేచింది. మైకు అవసరం పడలేదు.

"వెడల్పుదానెంబడి పోవద్దన్న. సన్నదానెంబడి పొమ్మన్న. ఈయనకు వినబడ్డది. మీకందరికి వినబడ్డది. నవ్విండ్రు కూడ."

"రెండు దార్ల కాడ ఈయన నిలబడి, నేను చెప్పిన దారి అని తెలిసే, అది వద్దన్నడు. మీ పిల్లల ముందటనే అన్నడు. ఇంటికి పోయి వాళ్లనడుగుండ్రి. దారి తప్పించింది నేను కాదు. తీస్కొచ్చింది నేను."

శ్యాంసుందర్ మైకులోనే నవ్వబోయాడు. "అలసిపోయింది పాపం..."

"ఇవి ఇంట్ల మాట్లాడుకునేటియి మేడం" అన్నాడు మహిపాల్.

అప్పుడు పద్మలత లేచింది. ముందు సీటు పట్టుకుంది. "వినోదక్క చెప్పిందే నిజం. నా కొడుకును ఆమె వీపు మీద మోసింది. మీరు ఖాళీ చేతులతోని నడిచిండ్రు."

"కూసో పద్మా."

"కూసోను."

నిజానికి ఆమె చాలాసేపు కూర్చోలేదు. ములుగు దాటేదాకా ఆ ఇద్దరు ఆడవాళ్లూ బస్సు కుదుపులకు ఊగుతూ నిలబడే ఉన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. వెనక్కి తిరిగి మందలించిన ఆమె మాత్రం కిటికీ వైపు మొహం పెట్టుకుని, పక్కనున్న తన కూతురిని మెల్లగా ఏదో అడిగింది. ఆ పిల్ల అవునని తలూపింది.

సోమవారం పొద్దున శ్యాంసుందర్ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని వినోద ఫోను బల్ల మీద పెట్టాడు. లెక్కపెట్టినట్టు ఒక్కొక్క మాట పలికాడు.

"గ్రూపుల పెట్టు. పొరపాటు నాదే, కోపంల అన్న, సారీ అని. నేను రాసిన. నువ్వు పంపు, సాలు."

"నలుగుట్ల మొగని ఇజ్జత్ తీస్తివి" అని శారదమ్మ లోపలి గదిలోంచి అందుకుంది. "ఎన్నేండ్లయినా అడివి బుద్ధి పోలే."

పెనం మీద దోసె కాలుతోంది. వినోద ఆ ఫోను తీసుకుని, ఆయన రాసిపెట్టింది మొత్తం చదివింది. నాలుగు వాక్యాలు. నాలుగింట్లోనూ 'నా తప్పు' ఉంది. ఆయన ఎంత తీరిగ్గా, ఎంత శ్రద్ధగా రాశాడో! తన తరఫున ఇంత శ్రద్ధగా ఆయన ఏదైనా రాయడం ఇదే మొదలు. చెరిపేసి ఫోను ఆయన ముందు పెట్టింది.

"పంపను. అది అబద్ధం."

"పంపకపోతే ఈ ఇంట్ల ఎట్లుంటవో చూస్త."

ఈ బెదిరింపు ఇంతకుముందూ విన్నదే. విన్న ప్రతిసారీ గుండె దడదడలాడేది. ఇప్పుడూ దడదడలాడింది. అది ఆగేదాకా ఆమె ఎదురుచూడలేదు. దోసె ప్లేటులోకి తీసి, స్టవ్ ఆపి, ఆయనకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ప్లేటు తన ముందే పెట్టుకుంది.

"నాకు?" అన్నాడు.

"పిండి గిన్నెల ఉన్నది." ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడు చెప్పింది. "వచ్చే ఆదివారం మళ్ల గద్దలగుట్టకే పోతాన. స్రవంతి వస్తది, పద్మలత వస్తది. నిన్న బస్సుల మాట్లాడని ఇద్దరు పొద్దుగాల్ల ఫోన్ చేసిండ్రు, వాళ్లు గూడ వస్తరు. ఈసారి సగం కాడ ఆగం. పైదాకా పోతం."

శ్యాంసుందర్ తనకు అలవాటైన నవ్వే నవ్వాడు. స్నేహితుల ముందు నవ్వే నవ్వు. కానీ ఎదురుగా స్నేహితులెవరూ లేరు.

"నేను లేకుండ ఫ్యామిలీ ట్రెక్ ఏందే? ఎవరు తీస్కపోతరు? నేను రానంటే ఏం చేస్తరు?"

"మిమ్ముల రమ్మంటలేను" అంది వినోద.